ఉడకాల్సిన పని లేని పిజ్జా

మా అత్తమ్మ నన్ను తిట్టడం మానేసి అప్పటికి ఎనిమిది నెలలైంది. మామయ్య పోయిన దగ్గర్నుంచి ఆమె నోరు మూగబోయింది. పెట్టింది తింటుంది, కంచం కడుక్కుంటుంది, మళ్లీ వెళ్లి మంచం మీద కూర్చుంటుంది. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. అత్త తిట్టడం లేదని బెంగపెట్టుకున్న కోడలు ఆర్మూరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అదే రోజుల్లో నాకు షుగర్ అని తేలింది. మైదా మానేశాను కానీ పిజ్జా మీద మనసు చావలేదు. మొలకెత్తిన గోధుమలతో, పొయ్యి వెలిగించకుండా, పిజ్జా రొట్టె చేసే పద్ధతి ఫోన్‌లో చూశాను. గోధుమలు నానబెట్టి మూట కడితే రెండు రోజులకు మొలకలొచ్చాయి. అవిసె గింజలు, వెల్లుల్లి, ఉప్పు వేసి మిక్సీ పట్టి, సర్వపిండిలా కవరు మీద తట్టి ఎండబెట్టాను. మొదటిసారి మందమై లోపల పులిసిపోయింది. రెండోసారి కోతుల పాలైంది.

మూడోసారి పొద్దున్నే డాబా మీద నాలుగు రొట్టెలు పరిచి, పైన పల్చటి చీర కప్పాను. "అత్తమ్మా, కోతులు రాకుంట జర సూడు" అని చెప్పి కూరగాయలకు వెళ్లాను. ఆమె తల కూడా ఊపలేదు.

తిరిగొచ్చి చూస్తే చీర మడతపెట్టి ఉంది, రొట్టెలు లేవు. కోతులు చీరలు మడతపెట్టవు కదా! కిందికి పరుగెత్తాను. వంటింట్లో అత్తమ్మ పొయ్యి ముందు నిలబడి గంటెతో కలుపుతోంది. నా మూడు రోజుల కష్టం గిన్నెలో బుడబుడలాడుతోంది.

"ఏం చేసినవ్ అత్తమ్మా! గవి ఉడుకబెట్టేటియి కావు!" అని అరిచాను.

"ఏందే ఒర్రుతున్నవ్?" ఆమె గొంతు నాకంటే పైకి లేచింది. "ఉడుకబెట్టంది ఎవలన్న ఎండల పోస్తరా? పసుపు పండించే ఇంట్ల ఉండుకుంట గంత ఎరుక లేదా నీకు?"

ముప్పై ఏళ్లు పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఎండబోసిన మనిషి. ఆమె లెక్కలో ఉడకనిది ఎండకు వెళ్లదు. పాపం, కోడలు మరిచిపోయిందనుకుని సాయం చేసింది.

"పచ్చిదే ఎండితె బూజు పట్టదా? పొద్దంత ఫోన్ సూసుడు, గిదేనా నేర్చుకున్నది?" తిట్లు ఆగడం లేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. మోకాళ్ల నొప్పితో అన్ని మెట్లూ ఎక్కి దిగిన మనిషిని చూస్తూ నిలబడ్డాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

రొట్టెలు గోధుమ జావ అయిపోయాయి. ఇద్దరం మామిడికాయ తొక్కు నంజుకుని తిన్నాం. ఆ రొట్టె పచ్చిగానే ఎండాలని నెమ్మదిగా చెప్పాను.

"పచ్చిపిండి తిని కడుపు ఖరాబు చేసుకుంటవా?" అని మళ్లీ మొదలుపెట్టింది. తిడుతూనే లేచి గోధుమల డబ్బా కిందికి దించింది. "ఈపాలి నేను తడ్త. నీ చెయ్యి మందం."

"ఉడుకబెట్టవు కద అత్తమ్మా?"

"సూస్త" అంది.