మా చేలో దిగాల్సిన విమానం

ఆ రోజుల్లో ఆకాశంలో విమానం మోత వినిపిస్తే చాలు, ఏలూరులో అన్నం ముందు కూర్చున్నవాళ్ళు కూడా ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. అలాంటిది, ఒక విమానం స్వయంగా వచ్చి, టిక్కెట్టు కొన్నవాళ్ళని కొల్లేరు మీదుగా తిప్పి తీసుకొస్తుందంటే ఊరు ఊరుకుంటుందా? అది దిగడానికి మా మామయ్య, కోతలూ మాసూళ్ళూ అయి ఎండిన తన చేను గట్లు చదును చేయించి ఇచ్చాడు. టిక్కెట్ల డబ్బు విమానం వాళ్ళది. మాకు ఒక సీటు ఉచితం. "ఆ సీటు నీదేరా అల్లుడూ. వచ్చే బండ్ల సంగతి మాత్రం నువ్వు చూసుకోవాలి" అన్నాడు మామయ్య. (స్కూల్ ఫైనల్ తప్పి ఆయన కాఫీ హోటల్లో చేరినవాణ్ణి. చుట్టాలందరూ నన్ను చూసి నిట్టూర్చే రోజులవి. ఒక్కసారి పైకి ఎగిరొస్తే నన్ను కాస్త తలెత్తి చూస్తారని ఆశ.)

మామయ్య ఆలోచనే వేరు. "ఎక్కేవాళ్ళు పదిమందిరా, చూసేవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు. వాళ్ళకీ ఆకలేస్తుంది, వాళ్ళ ఎడ్లకీ ఆకలేస్తుంది!" తాటాకు పందిట్లో అత్తయ్య పెసరట్లు పోస్తోంది. నేను బండికి అర్ధణా పుచ్చుకుని, ఎడ్లకి గడ్డీ నీళ్ళూ చూస్తున్నాను. కలిదిండి నుంచీ అత్తిలి నుంచీ కూడా బండ్లు వచ్చేశాయి. "మామయ్యా, ఇంక చోటు లేదండీ" అన్నాను. "మధ్యలో అంత ఖాళీ పెట్టుకుని చోటు లేదంటావేంట్రా!" అని కసిరాడు. నిజమే కదా అనిపించి, అక్కడా వరసలుగా విప్పించాను.

విమానం వచ్చింది. ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ తిరిగింది. నడిపేవాడు పైనుంచి చెయ్యి ఊపుతుంటే పలకరిస్తున్నాడనుకుని జనం కండువాలు ఊపారు. అది కాస్తా పక్క ఊరి చేలోకి పోయి దిగింది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది నా పని.

సాయంత్రానికి ఆ నడిపేవాడు చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. దొర అనుకున్నాం గానీ రాజమండ్రి కుర్రాడే. కడుపునిండా పెసరట్లు తిని, "మీ ఏరోడ్రోములో అన్నీ ఉన్నాయండీ, విమానానికే చోటు లేదు" అన్నాడు. మామయ్య తల గోక్కున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు అత్తయ్య అట్లకాడ కిందపెట్టి, "ఏవండీ, రేపు బండ్లు మీరు చూసుకోండి. వాణ్ణి ఎక్కించకపోతే నేను పొయ్యి వెలిగించను" అంది.

మర్నాడు మధ్యలో ఖాళీ వదిలారు. నేను ఎక్కాను. కొల్లేరు తళతళా మెరిసిందట, పక్షులు గుంపులుగా లేచాయట. పక్క సీటాయన చెప్పాడు. నేను చూసింది మా చేనే. తూర్పు వరసలో బండ్ల మధ్య ఎడం ఎక్కువైంది, ఇంకో నాలుగు పట్టేవే అని దిగేదాకా బాధపడ్డాను. దిగగానే ఆ మాటే చెబితే మామయ్య నన్ను కావలించుకుని, "ఇంక నీకు పరీక్షలెందుకురా!" అన్నాడు. ఆ వేళ నుంచి హోటల్లో నా మాటకి విలువొచ్చింది, తరవాత తాడేపల్లిగూడెంలో నా సొంత హోటలూ వచ్చింది. అయినా విమానమెక్కి కూడా బండ్ల ఎడమే చూసుకున్న ఆనాటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వెళ్ళి వాడి గడ్డం పట్టుకుని, "అటు చూడరా నాయనా, కొల్లేరు" అని తిప్పాలనిపిస్తుంది.