రేకు మీద రెండు దెబ్బలు

మొన్న మంగళవారం పొద్దున మా కమాన్ మిస్త్రీ పోయాడు. ఢిల్లీలో నజఫ్‌గఢ్ రోడ్డు పక్కన తన రేకుల షెడ్డు ముందర, పాత టైరు మీద కూర్చుని టీ తాగుతూ పోయాడు. గ్లాసు పడింది గానీ మనిషి పడలేదట. అలాగే కూర్చుని ఉన్నాడట. టీ కొట్టువాడు నాకు ఫోన్ చేసి, "తావూజీ, మిస్త్రీ నహీ రహే" అన్నాడు, పెద్దాయనా, మిస్త్రీ ఇక లేడని. "బక్వాస్ మత్ కర్", పిచ్చి వాగుడు వాగకు, అని ఫోన్ పెట్టేశాను. వాడు మళ్ళీ చేశాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ ఆ కోపం ఉంది. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, మాట సర్ది చెప్పడం నాకు రాదు. కానీ ఎవరో ఒకరు రాయకపోతే "మంచి మనిషి, పాపం" అనే రెండు మాటలతో ఆయన్ని ముగించేస్తారు. ఆయన అన్నిటికంటే ముందు పనివాడు. ఆ సంగతి చెప్పకుండా మంచివాడు అంటే నేను ఊరుకోను.

నాది ఒంగోలు వైపు. పికప్ బండి నడుపుతాను. బేర్ సరాయ్ గదుల్లో పరీక్షలకు చదివే మన తెలుగు పిల్లల మంచాలు, పుస్తకాల పెట్టెలు, ద్వారకలో సొసైటీ ఫ్లాట్లు మారే మన ఉద్యోగస్తుల ఫ్రిజ్‌లు, బీరువాలు ముప్ఫయ్యేళ్ళుగా మోస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో కొందరి బీరువాలు నేను మోసినవే. మిస్త్రీది నిజామాబాద్ వైపు, నాకంటే పదేళ్ళు చిన్న. బండి వెనక చక్రాల మీద ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది, దాన్ని కమాన్ అంటాం. బరువు మోసేది అదే, గుంత తగిలితే దెబ్బ మింగేదీ అదే. ఆ పని ఆయనంత తెలిసినవాడు మా వైపు లేడు. ఇప్పుడు అసలే లేడు.

ఖాళీ బండి తీసుకుపోతే ఆయన ముట్టుకునేవాడు కాదు.

"రోజు ఏం మోస్తవో గది ఎక్కిచ్చుకొని రా. ఖాళీ బండి అందరి ముంగట మంచిగనే నిలవడ్తది" అనేవాడు.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పొగరనుకున్నాను. రెండుసార్లు ఖాళీగా వెళ్ళి, రెండుసార్లు తిట్టుకుంటూ తిరిగొచ్చాను. మూడోసారి ద్వారకలో ఒకావిడ ఇల్లు మారుతుంటే, ఆ సామానుతోనే నేరుగా షెడ్డుకు పోయాను. ఆవిడ నా పక్క సీట్లోనే ఉంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటంకుల్ ఇది? మా సామాను ఇక్కడెందుకు ఆగింది?"

మిస్త్రీ బండి కింద నుంచే జవాబు చెప్పాడు. "మీ బీరువా ఎంత బరువున్నదో సూస్తున్న మేడం. మస్తు బట్టలున్నట్టున్నయ్. కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

ఆవిడకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం కోపం ఆగలేదు.

అప్పుడే ఆయన రెండో అలవాటు కూడా చూశాను. పట్టీలు బిగించాక చేతులు తుడుచుకుని, వెనక తొట్టిలో సామాను మధ్య వెల్లకిలా పడుకున్నాడు. మెడ కింద తువ్వాలు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"పోనీ" అన్నాడు.

"ఎక్కడికి?"

"నాలా మీది వంతెన దాక. ఆడ రోడ్డుకు వంతెనకు నడుమ అతుకు పగిలి ఉన్నది. గదే నాకు పరీక్ష. నేను క్యాబిన్ రేకు మీద ఒక్క దెబ్బ కొడితే తేడా ఉన్నట్టు. రెండు కొడితే మంచిగున్నట్టు. రెండు దెబ్బలు వడేదాక బండి నీది గాదు, నాది. ఆడనే ఆగి ఉండాలె."

ఆ రోజు వంతెన అతుకు దాటగానే ఒక్క దెబ్బ పడింది. ఆపాను. ఆయన కళ్ళు తెరవకుండానే "ఎడమ దిక్కు ఏడుస్తున్నది" అన్నాడు. దిగి చూస్తే ఎడమవైపు కమాన్ కొసన రబ్బరు బుష్ పగిలి ఉంది. బండి కింద దూరి, లైటు వేసి, నలుగురు చూసినా కనపడనిది ఆయన వీపుకు తెలిసింది. బాగు చేసి మళ్ళీ అదే దారిలో పోయాం. రెండు దెబ్బలు పడ్డాయి. ముందు సీట్లో ఆవిడ చప్పట్లు కొట్టింది.

పదిహేనేళ్ళు అలా నడిచింది. ఆయన నన్ను "పెద్దాయనా" అనేవాడు, నేను "మిస్త్రీ" అనేవాణ్ణి. ఒకరి ఇంట్లో ఒకరం తిన్నాం. వాళ్ళావిడ నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆయన నోరు మంచిది కాదు, నాదీ కాదు. అందుకే పొసిగింది.

చెడగొట్టింది నేను.

నిరుడు నా బండి వెనక కొంచెం కుంగింది. స్టాండులో కుర్ర డ్రైవర్లకు అది నవ్వులాటయింది. వాళ్ళందరూ బండ్లకు మందపాటి కమాన్ల కిట్లు వేయించి రెండేసి అంగుళాలు లేపుకున్నారు. "తావూజీ, గాడీ భీ రిటైర్ హో గయీ క్యా?", బండి కూడా రిటైరయిందా, అని ఒకడు అంటే మిగతావాళ్ళు నా బండి వెనక నడుం పట్టుకుని కుంటుతూ నడిచి చూపించారు. నా నడుమూ అలాగే ఉంది మరి.

మిస్త్రీ దగ్గరికి పోయి, నాకూ కిట్ వెయ్యి అన్నాను. ఆయన కిందికి వంగి చూశాడు.

"నాలుగో పట్టీ అలిసిపోయింది. అదొక్కటి మారుస్త. బుష్‌లు కొత్తయి ఏస్త. గంతే."

"బండి లేవాలి."

"ఎందుకు?"

"కుంగి కనపడుతోంది."

"ఎవరికి కనవడ్తున్నది?"

ఆయన ఆగలేదు. "నువ్వు చెప్పే కిట్టు రాళ్ళు మోసే బండికి. నువ్వు మోసేటియి పరుపులు, టీవీలు. అంత మందం పట్టీలేస్తే గుంతల కమాను వంగది, సామాను ఎగుర్తది. ముందుగాల బరువు సూడాలె, తర్వాత కమాన్ సూడాలె."

"నా బండికి ఏం కావాలో నాకు తెలుసు."

"బండికి తెల్సు. నీకు తెల్వది."

షెడ్డులో నలుగురు ఉన్నారు. నవ్వారు. నేను బండి తీసుకుని వచ్చేశాను.

కరోల్ బాగ్‌లో ఒక అద్దాల దుకాణానికి పోయాను. ఏసీ, సోఫా, చల్లని నీళ్ళు. టై కట్టిన కుర్రాడు రంగుల పుస్తకం తెరిచి మూడు రకాలు చూపించాడు. మామూలుది, మధ్యరకం, పెద్దది. "అంకుల్‌జీ, పూరా లుక్ బదల్ జాయేగా" అన్నాడు, బండి రూపమే మారిపోతుందని. నేను ఏం మోస్తానో వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు. పెద్దది వెయ్యమన్నాను. మూడు చూపిస్తే పెద్దదాని మీద వేలు పెట్టడమే నాకు తెలిసిన ఎంపిక. బండి ఖాళీగానే ఇచ్చాను, ఖాళీగానే తెచ్చుకున్నాను. చూడటానికి గుర్రంలా ఉంది. పాత కమాన్లు మా వైపు పాత ఇనుము కొనే కబాడీవాడికి పడేశాను.

మొదటి వారమే బేర్ సరాయ్ పిల్లవాడి అద్దం పగిలింది. రెండో వారం ద్వారకలో ఒకరి గాజు టీపాయ్. రోడ్లను తిట్టాను. సామాను కట్టినవాళ్ళను తిట్టాను. ఖాళీగా వస్తుంటే నా తల క్యాబిన్ కప్పుకు తగిలేది. బరువుంటే గానీ ఆ కమాను వంగదని నాకు అప్పటికి అర్థమైంది. మరి నేనేం చేశాను? మిస్త్రీ దగ్గరికి పోలేదు. ఆరు బస్తాల ఇసుక కొని తొట్టిలో వేసి, పైన పట్టా కప్పి, ఢిల్లీ అంతా మోసుకుని తిరిగాను. నెలల తరబడి. ఎవరి ఇల్లు మారినా వాళ్ళ సామానుతో పాటు నా ఇసుక కూడా మారేది. దించమని అడిగినవాళ్ళకు, అది కంపెనీ రూలు అని చెప్పాను. నాకు కంపెనీ ఏమిటి?

ఒకరోజు ఆయన షెడ్డు ముందు సిగ్నల్ పడింది. అప్పటికి ఏడు నెలలుగా ఆ షెడ్డు వైపు చూడకుండా తల తిప్పుకుని పోయేవాణ్ణి. ఆ రోజు ఇరుక్కుపోయాను. ఆయన టైరు మీద కూర్చుని నా వెనక చక్రాల వంక చూస్తూనే ఉన్నాడు. లేచి వచ్చి పట్టా మీద చేత్తో తట్టాడు.

"ఏంది పెద్దాయనా, ఇసుక యాపారం పెట్టినవా?"

నేను సిగ్నల్ లైటు వంక చూస్తూ కూర్చున్నాను.

"నీ పాత కమాన్లు కబాడీ దగ్గరికెళ్ళి తెచ్చి పెట్టిన. నాలుగో పట్టీ కొత్తది ఏసి, కట్ట కట్టి పెట్టిన. బండి తెచ్చి నిలవెట్టు. ఒక్క పూట పని."

"నా బండి బాగానే ఉంది" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, "మంచిది, పో" అన్నాడు. సిగ్నల్ పచ్చగా మారింది. పోయాను. ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాట అది. అబద్ధం. ఆ రోజు రోషానికి ఇసుక బస్తాలు ఆరూ పారబోశాను. కమాన్లు మాత్రం మార్చుకోలేదు. ఇంకో వారం పోనీ అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో వారం.

మంగళవారం నేను పోయేసరికి షెడ్డు వెనకే ఉన్న ఆయన ఇంటి ముందు జనం. కిట్లు వేయించుకుని ఆయన షెడ్డుకు రావడం మానేసినవాళ్ళందరూ చేతులు కట్టుకుని "హీరా ఆద్మీ థే", వజ్రంలాంటి మనిషి, అంటున్నారు. అంత హీరా అయితే రెండేళ్ళుగా ఆయన షెడ్డులో సగం రోజు ఖాళీ ఎందుకుంది? అరవాలనిపించింది. అరవడానికి నాకు నోరెక్కడిది? వాళ్ళలో ముందు నిలబడాల్సినవాణ్ణి నేనే.

శ్మశానం బండి రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. వడగాలి కొడుతోంది. వాళ్ళావిడ లోపలి నుంచి వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, నీ బండ్లనే తీస్కపో."

"వద్దమ్మా. నా బండి ఎగురుతుంది" అన్నాను. ఎనిమిది నెలల్లో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ ఆయనకు కాదు, ఆవిడకు.

"ఎరికే. రోజు అన్నం తినేటప్పుడు నీ బండినే తిట్టెటోడు. వేరే బండి అయితే ఆయనకు తోచది."

కుర్ర డ్రైవర్లను పిలిచాను. నా బండి వెనక కుంటుతూ నడిచినవాళ్ళే. షెడ్డులో గోడ వారన ఉన్న పాత ఇనుమంతా నా తొట్టిలోకి ఎక్కించమన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తావూజీ, లోహా? అభీ?" అన్నాడొకడు. "బరువు లేకపోతే ఈ దరిద్రపు కమాను వంగదురా!" అని తెలుగులోనే అరిచాను. వాడికి అర్థమయ్యే ఉంటుంది, వాడి బండికీ అదే కిట్ ఉంది.

విరిగిన పట్టీలు, తుప్పు కట్టలు, అరిగిన డ్రమ్ములు ఒక్కొక్కటే తెచ్చి పరిచారు. మూలన గోనెసంచిలో చుట్టిన కట్టలు రెండున్నాయి. విప్పి చూశాను. గ్రీజు పూసి మెరుస్తున్నాయి. పైన తెల్ల సున్నంతో నా బండి నంబరు రాసి ఉంది. వాటినీ ఎక్కించాను, మధ్యలో. ఇనుము మీద పరుపు వేశాం. పరుపు మీద ఆయన్ని పడుకోబెట్టాం. మెడ కింద ఎవరో దిండు పెట్టబోతే తోసేసి, తువ్వాలు మడిచి నేనే పెట్టాను.

బండి కుంగింది. మొదటిసారి ఆ కిట్ పనిచేసింది.

మెల్లగా పోయాను. గుంతలు వచ్చాయి, పోయాయి. ఒక్కటీ పైకి తెలియలేదు. నీళ్ళ మీద పోయినట్టు పోయింది బండి. వెనక ఆయన బావమరిది, ఇంకో ఇద్దరు కూర్చున్నారు. అలా పోతుంటే నా కోపం ఇంకా పెరిగింది. ఇదే మాట ఆయన బతికుండగా వినుంటే ఒక్క పూట పని. ఒక్క పూట! నన్ను తిట్టడానికి ఆయన ఇంకో నెల ఆగలేకపోయాడా? షెడ్డు ముందు సిగ్నల్లో నా తలుపు తీసి నన్ను కిందికి లాగలేకపోయాడా? మంచిది పో అంటాడా? పొమ్మంటే పోయేవాణ్ణని తెలియదా ఆయనకు?

నాలా వంతెన వచ్చింది. అతుకు ఇంకా అలాగే పగిలి ఉంది, ఎవడూ బాగు చెయ్యలేదు. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు దాటాయి. ఎడమవైపు ఏడవలేదు, కుడివైపు ఏడవలేదు. నా వీపుకు కూడా తెలిసింది.

వంతెన అవతల బండి పక్కకు తీయకుండానే ఆపేశాను. ఇంజను ఆపాను. కిటికీ అద్దం దించి, తల వెనక్కి రేకుకు ఆనించి కూర్చున్నాను. వెనక నుంచి ఆయన బావమరిది "ఏమైంది పెద్దాయనా, ఎందుకు ఆపినవ్?" అని అడిగాడు.

మా వెనక బస్సు ఆగింది, ఆటోలు ఆగాయి. అందరూ ఒక్కసారే హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ రొదలో రేకు మీద దెబ్బ పడినా వినపడదని నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. చెవి రేకుకు ఇంకా గట్టిగా ఆనించాను. ఎండకు రేకు కాలిపోతోంది. బండి ఇంకా ఆయనదే.