పేరు పలకకు నేను ఎంచిన బిట్టు

నా నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఇక్కడి తమిళ నెలల లెక్కతోనే, ముందుగా ఎత్తి రాస్తున్నాను.

చిత్తిరై నెల, రెండవ ఆదివారం: మా కల్యాణమండపానికి పేరు పలక చెక్కే పనిని, మండపం నడిపే సంఘం నాకు అప్పగించింది. ఏ బిట్టు వాడాలో నిర్ణయించేది నేనేనని అందరూ నోటితో ఒప్పుకున్నారు. మినిట్సు పుస్తకంలో ఆ మాట రాయలేదు.

వైకాశి నెల, మొదటి సోమవారం: ఒక చావుకని నేను ఉడుమలైపేట వెళ్ళిన రోజున, సగం చెక్కిన పలకను నా పనికొట్టం నుంచి అడగకుండా తీసుకుపోయారు.

అదే వారం, గురువారం: తిరిగి వచ్చి చూస్తే, మిగిలిన అక్షరాలు ఎవరి చేతనో చెక్కించి, పలకను మండపం వాకిట బిగించి ఉన్నారు.

ఆడి నెల, మూడవ శుక్రవారం: పలక పాడయిందని, అది నా పనితనమేనని, పదిమంది ముందు అన్నారు.

ఆవణి నెల, మొదటి ఆదివారం: మినిట్సులో ఇలా రాశారు. "పెద్దాయన తప్పు బిట్టు ఎంచినందువల్ల పలక చెడింది." ఈ వాక్యాన్ని పురట్టాసి మహాసభలో అందరికీ చదివి వినిపిస్తారట.

మొదటి నాలుగింటిని మరిచిపోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయిదవదాన్ని మరవను.

విషయం తెలియనివారికి కొంత చెప్పాలి. మా పేరు పలక అన్ని పలకల వంటిది కాదు. ఈ తమిళ నాట స్థిరపడిన మా తెలుగువాళ్ళలో పెళ్ళికూతురు మండపంలో అడుగు పెట్టే ముందు వాకిటి పలకకు మూడు వేళ్ళతో పసుపు పూస్తుంది. అందుకే దాన్ని తలకు పైన కాక గుండె ఎత్తున బిగిస్తాం. మరునాడు తడిగుడ్డతో తుడిచి, తరువాతి పెళ్ళికి సిద్ధం చేస్తాం. కోయంబత్తూరు బజారులో వేలాడే బోర్డులు చూడడానికి మాత్రమే. మాది పూయడానికీ తుడవడానికీ కూడా.

అక్షరాలు పైకి ఉబికి నిలవాలంటే చుట్టూ ఉన్న కట్టెను, మేము నేల అనేదాన్ని, రౌటరు మిషనుతో పావు అంగుళం లోతుకు దింపాలి. ఆ మిషనులో గిర్రున తిరిగి కట్టెను కోసే ఉక్కుముక్కే బిట్టు. నేలను దింపడానికి తిన్నని బిట్టు చాలు. అసలు తగవు అక్షరం గోడ నేలను కలిసే చోట వస్తుంది. ఆ చోటును నేను అక్షరం పాదం అంటాను. వి ఆకారపు బిట్టు పాదాన్ని కత్తివాదరలా సన్నగా కోస్తుంది. నీడ చక్కగా పడుతుంది, చూసినవాళ్ళు ఆహా అంటారు. కానీ ఆ సందులోకి గుడ్డ దూరదు. మొన గుండ్రంగా ఉన్న బిట్టు పాదం దగ్గర చిన్న వంపును మిగులుస్తుంది. దానిమీద గుడ్డ జారిపోతుంది. తెలుగు అక్షరాల కడుపులు చిన్నవి, తలకట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. కాబట్టి మొన సన్నగా ఉండాలి, కాని గుండ్రతనం పోకూడదు. మూడు మిల్లీమీటర్ల మొనతో, పైకి పోనుపోను లావెక్కే బిట్టు ఒకటి నా దగ్గర ఉంది. దిండిగల్ తాళం వేసిన పెట్టెలో, నూనె గుడ్డలో చుట్టి ఉంచుతాను.

ఇది నా ఊహ కాదు. పని మొదలుపెట్టే ముందు ఒక టేకు ముక్కమీద నాలుగు బిట్లతో సన్నని కాలువల్లాంటి నాలుగు గాళ్ళు తీశాను. నాలుగింటికీ పసుపు పూసి ఒక దినం ఎండనిచ్చాను. మండపంలో పలక తుడిచేది మా వదిన. అందుచేత ఆమెనే పిలిచాను. పసుపు పూసిన కట్టెను చూసి ఆమె పకపకా నవ్వింది.

"ఏమి మరిదీ, కట్టెకు నలుగు పెట్టుకొని కూర్చుంటివి? పెండ్లి ఎవురికి?"

"తుడువు వదినా, తరువాత నవ్వు."

ఆమె తుడిచింది. మూడు గాళ్ళలో పసుపు చారలు మిగిలాయి. నా గుండ్రని మొన బిట్టుతో తీసిన నాలుగవదాంట్లో ఏమీ మిగలలేదు.

"ఇదిదా, ఇదే నాకు కావాల్సింది," అన్నది. "తక్కినవన్నీ పండ్ల సందులో చిక్కిన కరివేపాకు."

ఆ మాటను తేదీతో సహా రాసుకున్నాను. ఆ బిట్టుతోనే పై అంచు తీగనూ మొదటి మూడు అక్షరాలనూ ముగించాను. నాలుగవదాన్ని మొదలుపెట్టకముందే ఉడుమలైపేట నుంచి ఫోను వచ్చింది.

వైకాశి, ఆని ముహూర్తాలు ముగిసేసరికి పలక మధ్యభాగం చూడలేనట్టు తయారయింది. అక్షరాల పాదాల్లో పసుపు గడ్డకట్టి, నల్లబడి, చీమలు పట్టాయి. నా మూడు అక్షరాలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. అంతటితో నేను తృప్తిపడలేదు. పెళ్ళికూతుళ్ళ చెయ్యి మధ్యలోనే ఎక్కువ పడుతుందని రేపు ఎవరైనా అనవచ్చు. అందుకని మైనాన్ని వెచ్చబెట్టి, నా అక్షరం పాదంలో ఒక ముక్కను, తుడిచి శుభ్రం చేసిన ఏడవ అక్షరం పాదంలో ఇంకొక ముక్కను అదిమి తీశాను. మొదటి ముక్క అంచు గుండ్రంగా వచ్చింది. రెండవది బ్లేడులా వచ్చింది.

ఆ రెంటినీ తీసుకొని సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. అతడు వరసకు నాకు మేనల్లుడు, బజారులో పెయింట్ల కొట్టు నడుపుతాడు. ఆ పూట మండపం వాకిట కుర్చీ వేసుకొని ఫోను చూస్తున్నాడు. పక్కనే వదిన పలకను పుల్లతో గీకుతోంది.

"ఏమి మామా అది, కొవ్వొత్తి ముక్కలా?"

"ఇది నా అక్షరం పాదం. ఇది మీరు చెక్కించినది. వేలుపెట్టి చూడు."

"సుమ్మా ఉండు, ఊరుకో మామా. మైనం తడిమి తీర్పు చెప్పను నేనేమి జడ్జీనా?"

"పలక ఎత్తుకుపోయింది ఎవరు?"

"నేనుదా. ముహూర్తం మూడు దినాల్లో ఉండాది, నీవు చూస్తే అక్షరానికి ఒక పూట గీకతా ఉంటివి. కంప్యూటరు మిషను కొట్టులో ఇస్తిని. వాడు వి బిట్టు పెట్టి గంటలో ముగించె. నీడ చూస్తివా, ఎంత షార్పుగా పడతాదో! ఫోటోలో సూపరుగా ఉండాది."

వదిన పుల్ల ఆపింది. "ఫోటోనా తుడిచేది? రేపటినుంచి నీ పెండ్లాన్ని పంపు. గీకి గీకి నా గోర్లు పచ్చగా పాయె. కాఫీ తాగినా పసుపు వాసనే."

"నువ్వు సుమ్మా ఉండు అత్తా."

"అయితే తప్పు బిట్టు ఎవరిది?" అని అడిగాను.

"అట్ల అడిగితే... మిషనువానిదే అనుకో."

"దాన్నే రాయి."

అతడు ఫోను జేబులో పెట్టుకొని గొంతు తగ్గించాడు. "రాసి సైనులు అయినాక ఎట్ల కొట్టేసేది మామా? నీకు వయసాయె. నీ పేరు ఉంటే ఎవురూ ఏమీ అనరు. నా పేరు రాస్తే మహాసభలో నన్ను దించేస్తారు."

ఇంటికి వచ్చి ఈ సంభాషణను ఒక్క మాట వదలకుండా రాసుకున్నాను. వయసు మళ్ళినవాడి పేరు మసి తుడుచుకునే గుడ్డ అని ఈ సంఘం ఎప్పుడు తీర్మానించిందో నాకు తెలియదు. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల వాకిళ్ళకు పలకలు చెక్కాను. వేటిమీదా నా పేరు చెక్కుకోలేదు. మా వాళ్ళలో ఆ అలవాటు లేదు. నా పని గురించి కాగితం మీద మిగిలేది ఆ మినిట్సు వాక్యం ఒక్కటే. అది అబద్ధం.

కనుక సంఘాన్ని అడుగుతున్నాను. పలకను నా పనికొట్టం నుంచి ఎవరి అనుమతితో తీసుకుపోయారు? నాలుగవ అక్షరం నుంచి చివరిదాకా ఏ బిట్టుతో, ఎవరి చేత చెక్కించారు? తెలిసి ఉండి నా పేరు ఎందుకు రాశారు? ఈ మూడింటికీ మహాసభకు ముందటి ఆదివారం లోపల జవాబు ఇవ్వాలి. ఆ జవాబు అదే పుటలో, ఆ వాక్యం కిందనే, సిరాతో, కార్యదర్శి సంతకంతో ఉండాలి. తమిళంలో రాసినా అభ్యంతరం లేదు. ఇంటికి వచ్చి మంచిమాటలు చెబితే దాన్ని జవాబుగా తీసుకోను. జవాబు రాని పక్షంలో, ఆ వాక్యం చదివిన సభలోనే నేను లేచి ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఈ కాగితం సంఘానికి ముట్టినట్టు నేటి తేదీతో రసీదు రాసి ఇవ్వవలసింది.