అయిదో బలం గురించి అడిగినందుకు

మొన్న శ్రీకాకుళం వెళ్లే బస్సులో పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనబడింది. మ్యూయాన్ అనే సూక్ష్మకణం అయస్కాంతం మధ్య లెక్కకు అందనట్టు ఊగుతోందనీ, గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం లాంటి మనకు తెలిసిన నాలుగు బలాలు కాక ప్రకృతిలో అయిదోది ఉందేమోనని కొందరు శాస్త్రవేత్తల అనుమానమనీ రాశారు. చదువుతుండగానే నాకు ఏనాటిదో అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది కళింగపట్నం, నాన్న సముద్రంలో వేటకు వెళ్తే అమ్మ ఎండుచేపలు అమ్మి చదివించిన పిల్లను. కాలేజీ లైబ్రరీలో ఏదో పత్రికలో, గురుత్వాకర్షణ పక్కన మరో చిన్న బలం కూడా పనిచేస్తోందేమోనన్న ఊహ చదివి, అదంతా నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని, క్లాసులో లేచి మా ఫిజిక్సు మాస్టారిని అడిగాను. ఆయన నా పుస్తకం లాక్కుని అందరికీ చూపించి, "ఉన్నవి నాలుగే. అయిదోది మీ నాన్న వల్లో పడిందా?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే నాన్న చిరిగిన వల కుట్టుకుంటూ అంతా విన్నాడు. "తెలీకపోతే తెలీదని సెప్పాల గానీ నవ్వుతాడేటి? రేపెల్లి మళ్లీ అడుగే" అన్నాడు. అడిగాను. ఆ ఏడాదంతా మాస్టారు నన్ను వరండాలోనే నిలబెట్టారు. కిటికీ ఊచల పక్క నిలబడే నోట్సు రాసుకున్నాను.

తర్వాత వెతికినవాళ్లకు ఆ బలమేదీ చిక్కలేదట. మరి మీ మాస్టారన్నదే నిజమైంది కదా అంటారు మావారు. వెతికి లేదనడం వేరు, వెతక్కుండా నవ్వడం వేరని ఇప్పటికీ ఆయనతో పోట్లాడతాను.

కానీ అసలు మంట ఇంకొకటుంది. గరివిడిలో టీచరునయ్యాక, బలాలు నాలుగేనని ఎవరు తేల్చారని ఒక పిల్ల నన్నడిగింది. సిలబస్ పూర్తి కాలేదన్న కంగారులో, పరీక్షలో రాదు, కూర్చో అనేశాను. పాపం, కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ చెయ్యెత్తలేదు. మాస్టారిని తిట్టుకున్నప్పుడల్లా సగం తిట్టు నాకే తగులుతుంది.

ఈ కాలం పిల్లలు ఏ అనుమానమొచ్చినా ఫోన్నే అడుగుతారు, గురువుల అవసరమే లేదు వీళ్లకని మన ఈడువాళ్లు వాపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషి ముఖంలోకి చూస్తూ, గుండె దడదడలాడుతుండగా లేచి ప్రశ్న అడగడమన్నది వాళ్లకు దక్కకుండా చేసిందెవరు? మనం కాదూ?