తిన్నావేటి?

ఢిల్లీలో మా క్లాసు మొత్తానికి నేను కాక తెలుగు పిల్ల ఆమె ఒక్కతే. కంటోన్మెంట్ నుంచి వచ్చేది, శ్రీకాకుళం హవల్దారుగారి అమ్మాయి. లంచ్ బెల్ కొట్టాక, నేను ఎంతమందిలో ఉన్నా సరే, ఆగి "తిన్నావేటి?" అని అడిగేది. హెడ్ బాయ్‌ని కదా, నాకు నామోషీ. "హా, ఖా లియా" అని హిందీలో అనేసి మొహం తిప్పుకునేవాణ్ణి.

ఫేర్‌వెల్ రోజు స్టేజీ మీద అందరి గురించీ మాట్లాడుతూ, చప్పట్ల కోసం ఆమె గొంతు అనుకరిస్తూ "తిన్నావేటి? తిన్నావేటి?" అన్నాను. హాలంతా ఒకటే నవ్వులు. ఆమె కూడా నవ్వింది.

తర్వాత భోజనాల దగ్గర, ప్లేటుతో నా పక్కకొచ్చి, మొట్టమొదటిసారి హిందీలో అడిగింది: "ఖానా ఖా లియా?"

"ఇంకా లేదు" అని తెలుగులో చెబుదామనుకున్నాను. కానీ తిన్నానన్నట్టు తలూపాను.