అరంగుళం గొట్టం

మొన్న మేడమీది ట్యాంకు నుంచి వంటింటికి గొట్టం వేయడానికి వచ్చిన ప్లంబరు, ముప్పాతిక అంగుళం సరిపోతుందా సార్ అని అడిగాడు. నీకు తోచింది వెయ్యి నాయనా అని లోపలికి వచ్చేశాను. ఇంజనీరుగా రిటైరైన మనిషి అనే మాటేనా ఇది అని నవ్వుకునే ఉంటాడు.

అరవైల మొదట్లో, డిప్లొమా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో, సముద్రం ఒడ్డున అక్కను ఇచ్చిన ఊరికి సెలవు మీద వెళ్ళాను. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే, మంచినీళ్ళ బావి మైలు దూరాన ఇసకదిబ్బ మీద ఉండేది. రెండు కడుపులు పోయాక అక్కకు మళ్ళీ ఆరో నెల. బరువు మోయవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పినా, బావ గూడూరులో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు, అత్తగారికి చూపు ఆనదు, కనుక బిందె చంకనెత్తుకుని రోజుకు రెండుసార్లు తనే నడిచేది.

ఊరివాళ్ళు చందాలు పోగుచేసి, బావి పక్కన తొట్టి కట్టి ఊళ్ళోకి గొట్టం దించుదామంటూ నన్ను సలహా అడిగారు. ఆ కాలంలో డిప్లొమా అంటే ఎంత గొప్పో మీకు తెలియనిది కాదు. నీటికి ఎత్తువల్ల ఒక శక్తి, ఒత్తిడివల్ల ఒకటి, వేగంవల్ల ఒకటి, మూడూ కలిపితే మొత్తం మారదనే సమీకరణం నాకు నోటికి వచ్చు. దిబ్బకున్న ఇరవై అడుగుల ఎత్తంతా వేగంగా మారుతుంది, అరంగుళం గొట్టం చాలు, రెప్పపాటులో బిందె నిండుతుందని చెప్పాను. పరీక్షలో ప్రతి లెక్క చివరా రాపిడిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఉండేది, నేనూ తీసుకోలేదు.

గొట్టం వేయడం పూర్తయిన రోజున ఊరి పాస్టరుగారు ప్రార్థన చేసి కొళాయి తిప్పారు. నీళ్ళు దారంలా వచ్చాయి. మైలు పొడవునా గొట్టం గోడల రాపిడికే శక్తంతా హరించుకుపోయిందని నాకు అక్కడే అర్థమైంది. లావు గొట్టాలు మళ్ళీ కొనే తాహతు ఊళ్ళో ఎవరికీ లేదు. ఒక్క బిందెకు పావుగంట, బారెడు వరస. ఆడవాళ్ళు గొణుక్కుంటుంటే అక్క గొంతు పెంచింది. “మా తమ్ముడి లెక్కలో తప్పేం లేదమ్మా, ఆ ఇసకే నీళ్ళు తాగేస్తా ఉండాది,” అని, బిందె ఎత్తుకుని దిబ్బకేసి నడిచింది. లాక్కోబోతే ఇయ్యలేదు. మర్నాటి నుంచి నేనే మోశాను, కానీ సెలవు నాలుగు రోజుల్లో అయిపోయింది.

ఎనిమిదో నెలలో బిడ్డ దక్కలేదని ఉత్తరం వచ్చింది. నీళ్ళు మోయడంవల్లేనా అని డాక్టరమ్మను నేను అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటికీ కొళాయి ఉంది, నీళ్ళ కోసం ఎవరూ నడవరు. అక్క పోయి కూడా చాలా ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.