నూనె కలపని పెట్రోలు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నా భర్త యాకోబు పంతొమ్మిది సంవత్సరాలు తాగారు. ఆ సంవత్సరాల్లో మా ఇంట్లో వెలుగు లేదు, ప్రార్థన ఉన్నా సమాధానం లేదు. ఆయన కాటారంలో మోపెడ్లు బాగుచేసే మంచి మెకానిక్, పొద్దున చెయ్యి వణికితే గ్లాసెడు తాగి పానా పట్టేవారు, నేను చూసి కూడా ఊరుకునేదాన్ని.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె జరిగినప్పుడు బస్సులు ఆగిపోయాయి. మా సంఘంలోని సరోజనకు పోలియో వల్ల ఒక కాలు పనిచేయదు. మోపెడ్‌కు రెండు పక్క చక్రాలు బిగించి మొత్తం నాలుగు చక్రాల మీద తిరిగేది. సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగు కిలోమీటర్ల అవతలి గూడేనికి వెళ్లి ఇద్దరు క్షయ రోగుల చేత దగ్గరుండి మాత్రలు మింగించేది.

సమ్మె మొదలైన పద్నాలుగో రోజు, సోమవారం ఉదయం, ఆమె బండిలో నా భర్తే పెట్రోలు పోశారు. ఆ బండికి పెట్రోలులో నూనె కలిపి పోయాలి, లేకపోతే లోపల ఇనుము ఇనుమును తినేస్తుంది. మూడు కిలోమీటర్లు పోగానే ఇంజన్ పట్టేసింది. పిస్టన్ ఆటను చక్రం తిరుగుడుగా మార్చే క్రాంకు పాడైపోయింది. గూడెం వాళ్లు బండిని తోసుకొచ్చారు. నా భర్త పెట్రోలు ట్యాంకు మూత వాసన చూసి, "బాటిల్ల అమ్మే పెట్రోలు గిట్లనే ఉంటది చెల్లె, కల్తీది" అన్నారు.

సహోదరులారా, దుకాణం లెక్క కోసం నేను నూనె డబ్బాకు, నూనె ఉన్నంత మేరకు, రోజూ పెన్నుతో గీత పెట్టేదాన్ని. ఆ రోజు నూనె గీత నుంచి కిందికి దిగలేదు! నాకు తెలిసింది, నేను నోరు తెరవలేదు.

మరునాడు ఆ మాత్రలు పట్టుకొని నేనే నడిచి వెళ్లాను. రోగుల్లో ఒకామె మాత్ర మింగి, "మీ ఆయన సమ్మెల గూడ బండి బాగుజేస్తుండట గద అవ్వా, దేవుడు సల్లగ జూడాలె" అని నా చెయ్యి పట్టుకుంది. నాలుగు కిలోమీటర్లు తిరిగి నడుస్తూ ఏడుస్తూ ప్రార్థించాను, "ప్రభువా, తాగింది ఆయన, దాచింది నేను, మా ఇద్దరినీ విడిపించు, నాకు నోరియ్యి."

ఇంటికి రాగానే ఆ నూనె డబ్బా ఆయన ముందు పెట్టాను. "నువ్వు నా దిక్కా, ఆ సరోజన దిక్కా?" అని అరిచారు. "నేను నిజం దిక్కు" అన్నాను. ఆయన అన్నం ముట్టలేదు. బుధవారం పొద్దున్నే తాగకుండా సరోజన గడపలోకి వెళ్లి, "చెల్లె, పెట్రోలుది కాదు తప్పు, నాది. తాగి నూనె పొయ్యలే" అన్నారు.

ఆమె తన కాలు వైపు చూసుకుంది. తర్వాత, "నా కాలు ఒక్కటే సచ్చిందనుకున్న, బండి కాలు గూడ ఇరగ్గొట్టినవా యాకోబన్నా! సరే, జెప్పినవ్ గద. మంచిగ జెయ్యి. మల్ల నన్ను తొవ్వల నిలవెడితె నీ దుకాణం ముందల్నే మంచమేసుకొని కూసుంట" అంది.

ఆ రోజు నుంచి ఆయన చుక్క ముట్టలేదు. మొదటి మూడు రోజులు ఒళ్లంతా చెమటలు, వణుకు, దవాఖానకు తీసుకెళ్తే మందులిచ్చారు, ఆ మందులిచ్చిన చేతులను కూడా ప్రభువే నడిపించాడు, స్తోత్రం! వణుకు తగ్గాక క్రాంకును ట్రాక్టర్ మీద భూపాలపల్లి తీసుకెళ్లి, లేత్ దుకాణంలో ఇనుమును ఒత్తి విడదీసే ప్రెస్ మీద విప్పించి, కొత్త పిన్ను, కొత్త బేరింగు, కొత్త రాడ్ ఎక్కించుకొచ్చారు. అయితే ప్రెస్ నుంచి వచ్చిన క్రాంకు రెండు పలకలు ఒకే సూటిలో ఉండవు, దాన్ని తిప్పుతూ గేజు ముల్లు చూసి, ఆ ముల్లు ఊగడం తగ్గేదాకా రాగి సుత్తితో తట్టి సరిచేయాలి. పాత రోజుల్లో ముల్లు అయిదు గీతలు ఊగితే, "నడుస్తది తియ్యి" అని బిగించేవారు.

తాగుడు మానిన పదకొండో రోజు, శనివారం, ముల్లు ఊపు అయిదు గీతల కంటే తగ్గలేదు. నేను పక్కనే మోకరించాను. ఆయన సుత్తి కింద పెట్టి, "యేసయ్యా, గీ చెయ్యి నీదే, జర నిలవెట్టు" అన్నారు. అది నేను ఆయన నోట విన్న మొదటి ప్రార్థన! మళ్లీ తట్టారు, తిప్పారు, తట్టారు. సాయంత్రానికి ముల్లు రెండు గీతలకు వచ్చింది. చెయ్యి వణకలేదు. దేవునికే మహిమ!

నేను ఆరుసార్లు నడిచాను, నలభై ఎనిమిది కిలోమీటర్లు. బండి ఆగిపోయిన పద్నాలుగు రోజులకు, సోమవారం, సరోజన తన బండి మీదే గూడేనికి వెళ్లింది. ఆ ఇద్దరికీ జబ్బు నయమైంది. నా భర్త ఆ తర్వాత పది సంవత్సరాల నాలుగు నెలలు బతికారు, తాగకుండా బతికారు, ప్రభువులో నిద్రించారు.

ప్రియులారా, ఆ తాగుడు నుంచి ఆయనను విడిపించిన దేవుడు, నోరు మూసుకొని మంచిదాన్ననుకున్న నన్ను కూడా విడిపించాడు. మీకు తెలిసి మీరు దాచిన నిజం ఏదైనా ఉంటే, ఈ రోజు చెప్పులు తొడుక్కునే ముందే ఆయనతో చెప్పండి, ఇంటికి వెళ్లి ఆ మనిషితో చెప్పండి. నేను ఒక పగలు, ఒక రాత్రి ఆగాను. అంత కూడా ఆగకూడదు. ఆయన వింటాడు, నమ్మండి. ఆమేన్.